'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా: ఒక సైన్స్ ఫిక్షన్ నవల పాత్రల గురించి తెలుగులో చర్చించుకునే పద్ధతి

ఇంగ్లీషులో చదివిన నవలను తెలుగులో చర్చించుకునే చిన్న చిన్న బృందాలు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. మామూలు నవల అయితే ఈ పనిలో పెద్ద ఇబ్బందేమీ ఉండదు. ఉర్సులా కె. లె గ్విన్ 1969లో ప్రచురించిన 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' లాంటి నవల తీసుకుంటే మాత్రం మొదటి వాక్యం దగ్గరే నాలుక తడబడుతుంది. మా ఆరుగురి బృందంలో తొలి సమావేశం దాదాపు ఒక గంట, ఎస్ట్రావెన్ అనే పాత్ర 'వచ్చాడా', 'వచ్చిందా', 'వచ్చారా' అన్న వాదనలోనే గడిచిపోయింది. ఆ గంట వృథా కాలేదని తర్వాత తెలిసినా, ఇంకొక బృందం అదే దారిలో ముళ్లు తొక్కకుండా ఉండాలని ఈ పద్ధతిని రాస్తున్నాను.

కథ తెలియనివారికి రెండు మాటలు. గెథెన్ అనే అతిశీతల గ్రహానికి భూమి నుంచి గెన్లీ ఐ అనే దూత ఒంటరిగా వెళ్తాడు. అక్కడి మనుషులు 26 నుంచి 28 రోజుల చక్రంలో ఎక్కువ రోజులు స్త్రీలూ కారు, పురుషులూ కారు. 'కెమ్మర్' అనే కొద్ది రోజులలో మాత్రమే ఇద్దరిలో ఒకరు స్త్రీగా, ఒకరు పురుషుడిగా మారుతారు, ఎవరు ఏమవుతారో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకే మనిషి కొందరు పిల్లలను కని, మరికొందరికి తండ్రి కూడా కావచ్చు. ఏడాది పొడవునా పురుషుడిగానే ఉండే గెన్లీ వారి దృష్టిలో ఎల్లకాలం కెమ్మర్‌లోనే ఉండిపోయిన ఒక వికృత మానవుడు.

పేర్ల పట్టికతో మొదలు పెట్టండి

చర్చకు కూర్చునే ముందు ఒక కాగితం మీద పేర్లను తెలుగు లిపిలో రాసుకుని, అందరూ ఒకే వర్ణక్రమానికి కట్టుబడాలి. ఒకరు ఎస్ట్రావెన్ అని, ఇంకొకరు ఎస్త్రవెన్ అని రాసుకుంటే వాట్సాప్‌లో వెతికినప్పుడు సగం సంభాషణ దొరకదు. ఉచ్చారణ విషయంలో ఎవరిదీ తుది తీర్పు కాదు కాబట్టి, చదవడానికి తేలికైనది ఎంచుకోండి చాలు.

ఆ పట్టికలో రెండే గళ్లు, అంటే పేరు, పాత్ర పరిచయం ఉంటే సరిపోదు. మూడో గడి తప్పనిసరి, అందులో 'ఈ పేరుతో ఎవరు పిలిచారు' అని రాయాలి. ఈ నవలలో సారమంతా ఆ మూడో గడిలోనే ఉంది. గెన్లీ పేరునే చూడండి. గెథెన్‌లో గెన్లీ మొదట ఉండే కార్హైడ్ దేశస్థులకు 'ల' పలకదు, అందువల్ల వాళ్ల నోట అది 'గెన్రీ' అవుతుంది. మా బృందంలో ఒకరు గెన్రీ అంటే వేరే పాత్ర అనుకుని రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లి వెతికారు. 'ఐ' అన్న ఇంటిపేరు వినగానే, ఆ దేశపు ప్రధానమంత్రి ఎస్ట్రావెన్‌కు రాత్రిపూట ఎవరో బాధతో పెట్టిన కేకలా వినిపిస్తుంది. పరాయి చెవిలో మన పేరు ఏమై మోగుతుందో మనకు తెలియదన్న సంగతిని రచయిత్రి ఒక్క అక్షరంతో చెప్పేసింది.

ఇక అసలు చిక్కు పేరు: థెరెమ్ హార్త్ రెమ్ ఇర్ ఎస్ట్రావెన్. థెరెమ్ అన్నది పెట్టిన పేరు, హార్త్ అన్నది వంశం పేరు, చివరిది ఎస్ట్రే అనే ప్రాంతాన్ని బట్టి వచ్చినది. తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు, మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లే. కాకపోతే మనకు అవి ముందు వస్తాయి, వాళ్లకు వెనక వస్తాయి. ఈ పోలిక చెప్పగానే బృందంలో సగం మందికి ఆ పొడవాటి పేరు నోటికి వచ్చేసింది.

పేర్లు తిరిగి తిరిగి వస్తాయన్న హెచ్చరిక కూడా ముందే ఇవ్వాలి. తొమ్మిదో అధ్యాయంలో ఒక పాత గాథ వస్తుంది. దాని పేరు 'ద్రోహి ఎస్ట్రావెన్' అన్న అర్థంలో ఉంటుంది, అందులోనూ ఒక థెరెమ్, ఒక అరెక్, ఒక సోర్వే ఉంటారు. అసలు కథలోని ఎస్ట్రావెన్ పేరు థెరెమ్, చనిపోయిన తోబుట్టువు పేరు అరెక్, బిడ్డ పేరు సోర్వే. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది సహజంగానే ఉంటుంది, కానీ పట్టికలో 'గాథలోని థెరెమ్', 'ఇప్పటి థెరెమ్' అని విడివిడిగా రాసుకోకపోతే చర్చ తప్పకుండా దారి తప్పుతుంది. గాథలో ద్రోహి అన్న పేరు ఎలాంటి పనికి వచ్చిందో చూశాక, రాజు ఇప్పటి ఎస్ట్రావెన్‌ను ద్రోహిగా ప్రకటించి మూడు రోజుల్లో దేశం విడిచి పొమ్మన్న సంఘటనకు మళ్లీ వెళ్లి చదవండి.

క్రియాపదం దగ్గర జాగ్రత్త

ఇంగ్లీషులో చిక్కంతా సర్వనామంలో ఉంటుంది, పేరునే మళ్లీ మళ్లీ వాడితే తప్పించుకోవచ్చు. తెలుగులో అది కుదరదు, ఎందుకంటే ప్రథమ పురుష ఏకవచనంలో క్రియ చివరే గుట్టు విప్పేస్తుంది. దానికి తోడు మన వ్యాకరణం విభజన వేరు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో పురుషులు మహత్తులు, స్త్రీలు, జంతువులు, జడ పదార్థాలు అమహత్తులు. అందుకే 'అక్క వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది' అన్నిటికీ ఒకే క్రియ. బహువచనంలోకి వెళ్లగానే స్త్రీలు పురుషులతో కలిసి 'వచ్చారు' అవుతారు. కాబట్టి 'ఎస్ట్రావెన్ వచ్చింది' అంటే విన్నవారికి స్త్రీ అనిపించవచ్చు, వస్తువు అనిపించవచ్చు. గెథెన్ మనుషులను వస్తువుల్లా సూచించకూడదనీ, వాళ్లు నపుంసకులు కారనీ ఏడో అధ్యాయంలో ఓంగ్ టాట్ ఓపాంగ్ అనే పరిశీలకురాలు స్పష్టంగా చెబుతుంది. దేవుణ్ణి పుంలింగంలో చెప్పుకున్న కారణంతోనే తాను పురుష సర్వనామం వాడుతున్నానని కూడా ఆమె రాస్తుంది. తెలుగులో దేవుడు కూడా మహత్తే కాబట్టి ఈ వాదన మనకు బాగానే అందుతుంది, అయితే ఒప్పుకోవాలో లేదో చర్చించాలి.

మేము స్థిరపరచుకున్న నియమం ఇది. మామూలుగా మాట్లాడేటప్పుడు గెథెన్ పాత్రలన్నిటికీ 'వారు', 'వచ్చారు', 'అన్నారు' వాడాలి. గెన్లీ కళ్లతో చూసిన దృశ్యాన్ని చెప్పేటప్పుడు మాత్రం 'అతను', 'వచ్చాడు' అనాలి, ఎందుకంటే ఆ పుంలింగం గెన్లీ చూపులోనిది. ఈ తేడాను గట్టిగా పాటిస్తే ఎవరి చూపు గురించి మాట్లాడుతున్నామో వాక్యంలోనే తెలిసిపోతుంది. దీనికి ఒక నష్టం ఉంది, దాచడం ఎందుకు: రాజునూ, జైలు కాపలాదారునూ ఒకే గౌరవంతో పిలవాల్సి వస్తుంది, మర్యాదలోని ఎచ్చుతగ్గులు చదునైపోతాయి. పరువు, హోదా, ఎదుటివారి మాటలోని సూక్ష్మం అన్నీ కలిసిన 'షిఫ్‌గ్రెథర్' అనే భావం చుట్టూ తిరిగే నవలకు ఇది చిన్న నష్టం కాదు. అలాంటి చోట క్రియను తప్పించే వాక్యాలు వాడండి. 'ఎస్ట్రావెన్ చెప్పిన మాట', 'తను ఆ రాత్రి గుడారంలో రాసిన డైరీ', 'సరిహద్దు దాటడం' వంటివాటిలో లింగమూ లేదు, గౌరవ బహువచనమూ లేదు. 'చెప్పినవాడు' అన్నారో, మళ్లీ మొదటికే వస్తారు.

ఉత్తమ పురుషలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. 'నేను వచ్చాను' అంటే ఎవరైనా కావచ్చు. హిందీలో అలా కుదరదు. ఈ నవలలో కొన్ని అధ్యాయాలను గెన్లీ, మరికొన్నిటిని ఎస్ట్రావెన్ తమ మాటల్లోనే చెబుతారు. ఎస్ట్రావెన్ అధ్యాయాల నుంచి అర పేజీ తీసుకుని ఒకరు అక్కడికక్కడే తెలుగులో చెప్పాలి, వెంటనే అదే సంఘటనను ఇంకొకరు ప్రథమ పురుషలో చెప్పాలి. మొదటిసారి విన్నప్పుడు ఎవరికీ కనిపించని మగతనమో, ఆడతనమో రెండోసారి ఎక్కడి నుంచి వచ్చి చేరిందో గదిలో ఉన్నవారందరికీ అర్థమవుతుంది.

గెన్లీ అద్దెకున్న ఇంటి విషయం కూడా ఒకసారి ఎత్తుకోండి. ఆ ఇంటి యజమానిని గెన్లీ మనసులో ఆడమనిషిగానే లెక్కేస్తాడు. లావుపాటి పిరుదులు, అన్నిటా తల దూర్చే గుణం, మెత్తని మనసు అందుకు అతను చూపే కారణాలు. పిల్లలెందరని అడిగితే, ఆ యజమాని తాను ఎవరినీ కనలేదని, నలుగురికి మాత్రం తండ్రినని దిగులుగా చెబుతారు. దీన్ని తెలుగులో 'ఇంటి యజమానురాలు' అంటే గెన్లీ పొరపాటు మన నోట నిలుస్తుంది, 'ఇంటాయన' అంటే హాస్యం పోతుంది. మన అద్దె ఇళ్ల భాషలోని 'హౌస్ ఓనర్' ఎటూ మొగ్గదు. ముందు ఆ మాటతో కథ చెప్పి, తర్వాత గెన్లీ మాటగా 'ఓనరమ్మ' అనండి, నవ్వు తనంతట అదే వస్తుంది. అలాగే 'రాజు గర్భవతి' అన్న విషయం. గర్భవతి అనగానే స్త్రీ ప్రత్యయం వచ్చి పడుతుంది, 'రాజుగారు కడుపుతో ఉన్నారు' అంటే ఆ బాధ లేదు, వినడానికి వింతగా ఉండటం మటుకు పోదు.

బంధుత్వ పదాలలో మనకు ఇంకా ఇరుకు. అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు అన్నీ లింగాన్ని వెంటేసుకునే వస్తాయి. అరెక్‌ను ఇంగ్లీషు మూలం 'బ్రదర్' అనే అంటుంది, కానీ మీరు 'తోబుట్టువు' అనండి, 'కొడుకు' బదులు 'బిడ్డ' అనండి. 'కన్నవారు' అన్న మాట ఈ నవల కోసమే పుట్టిందా అన్నట్టు సరిపోతుంది.

రచయిత్రి అభిప్రాయం మారిన తీరు

'పురుష సర్వనామమే ఎందుకు' అన్న ప్రశ్నను మీ బృందంలో ఎవరో ఒకరు తప్పక లేవనెత్తుతారు. ఆ విమర్శ లె గ్విన్ జీవితకాలంలోనే వచ్చింది. 1976 నాటి వ్యాసంలో ఆమె తన ఎంపికను సమర్థించుకుంది, తర్వాత 1980లలో అదే వ్యాసానికి వ్యాఖ్యలు జోడిస్తూ ఆ సమర్థనను తానే ప్రశ్నించింది. ఇదే గ్రహం నేపథ్యంగా 1969లో వచ్చిన 'వింటర్స్ కింగ్' అనే కథను 1975 సంకలనంలో స్త్రీ సర్వనామాలతో మళ్లీ అచ్చు వేయించింది, రాజు అన్న బిరుదును మాత్రం మార్చలేదు. సమయం ఉంటే ఆ కథలోని ఒక పేజీని రెండు విధాలుగానూ చదివి చూడండి. నా మటుకు నాకు 'రాజు ఆమె' అన్న కలయికే నవలలోని 'రాజు అతను' కంటే ఎక్కువ కుదిపింది, కానీ మా బృందంలో ముగ్గురు దీనితో ఏకీభవించలేదు.

మీరు నుంచి నువ్వు దాకా

నవల చివరి మూడో వంతులో గెన్లీ, ఎస్ట్రావెన్ ఇద్దరే మంచు మైదానం మీద దాదాపు 80 రోజులు ప్రయాణిస్తారు. చర్చకు ఎక్కువ సమయం ఇక్కడే కేటాయించండి. మొదట్లో 'మిస్టర్ ఐ' అని పిలిచే ఎస్ట్రావెన్, గుడారంలో పెట్టిన పేరుతో పిలవడం దాకా వస్తారు. గెథెన్‌లో పెట్టిన పేరుతో పిలిచేది ఇంటివారో, స్నేహితులో మాత్రమే. ఇంగ్లీషులో ఈ మార్పు పేరులోనే ఉంది. తెలుగులో దానికి తోడు 'మీరు' పోయి 'నువ్వు' రావాలి. ప్రతి ఒక్కరూ తమ పుస్తకంలో ఏ వాక్యం దగ్గర 'నువ్వు' మొదలవుతుందో పెన్సిల్‌తో గీత గీసుకుని రావాలి, గీతలు పోల్చుకోవాలి. మాలో ఇద్దరు గుడారంలోని మాటల దగ్గర గీస్తే, ఒకరు చివరిదాకా ఎక్కడా గీయలేదు. ఎస్ట్రావెన్ ఎప్పటికీ 'మీరు' అనే మనిషేనని ఆయన వాదన. మనసుతో మాట్లాడే విద్యను గెన్లీ నేర్పినప్పుడు, 'థెరెమ్' అన్న పిలుపు చనిపోయిన అరెక్ గొంతుతో ఎస్ట్రావెన్‌కు వినిపిస్తుంది. ఆ పేరుతో ఎవరెవరు పిలవగలరో గుర్తుంటే, ఆ క్షణంలోని భయం తెలుస్తుంది. పట్టికలోని మూడో గడి ఇక్కడ పనికొస్తుంది.

ఒక చిన్న ఉపాయం మిగిలింది, దీన్ని ఏడో అధ్యాయం చదవనివారికి ముందే చెప్పకండి. నేను పైన బయటపెట్టేశాను, ఆ తప్పు నాది. పరిశీలకురాలు ఓంగ్ టాట్ ఓపాంగ్ స్త్రీ అని ఆ అధ్యాయం చివరికొస్తే గాని తెలియదు. అంతకు ముందే ఆపి, 'ఓపాంగ్ ఏమన్నాడు, ఏమన్నది' అని అడగండి. ఎంతమంది ఏ క్రియ వాడారో కాగితం మీద రాసుకుని, తర్వాత మిగిలిన వాక్యాలు చదవండి.

చివరి సమావేశానికి సోర్వేను వదిలిపెట్టండి. ఎస్ట్రావెన్ మరణం తర్వాత ఎస్ట్రేకు వెళ్లిన గెన్లీకి, ఆ పిల్లవాడి చూపులోనూ కదలికలోనూ ఆడపిల్ల చురుకుదనం కనిపిస్తుంది, కానీ ఏ ఆడపిల్లా అంత కఠినంగా మౌనం పాటించలేదని అతను అనుకుంటాడు. ఇంత దూరం ప్రయాణించి, ఇంత పోగొట్టుకుని కూడా అతను ఇంకా అలాగే అంచనా వేస్తున్నాడు. ఆ వాక్యాన్ని 'వాడు', 'ఆ పిల్ల', 'ఆ బిడ్డ' అని మూడు రకాలుగా తెలుగులో చెప్పి చూడండి. తర్వాత, తన కన్నవారు ఎలా చనిపోయారో చెప్పమనీ, నక్షత్రాల మధ్య ఉన్న ఇతర లోకాల గురించి, అక్కడి ఇతర మనుషుల గురించి చెప్పమనీ సోర్వే అడిగే మాటలను, మీ బృందంలో అంతవరకూ తక్కువగా మాట్లాడినవారి చేత చదివించండి.