ఇన్సూరెన్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి, పోయినప్పుడు ఏం ఆపొద్దు

మన దగ్గర ఇన్సూరెన్స్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆపరేషన్. దానికి కారణం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండెకో కిడ్నీకో పెద్ద ఖర్చు వచ్చిపడితే కార్డు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కడం అప్పటి నుంచే అలవాటైంది. ఆ పని కార్డు బాగానే చేస్తుంది, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది కూడా. కానీ ఉత్త బీపీ చూపించుకోవడానికి, ఏడాదికోసారి షుగర్ టెస్టుకు, నెలనెలా గోలీలకు ఆ కార్డు పనికిరాదు. జనం మాత్రం అన్నిటినీ ఒకే గాటన కడతారు. కార్డు ఉంటే "ఏమన్నా అయితే అప్పుడు చూసుకుందాం తీ" అంటారు, కార్డు పోతే "ఇప్పుడు దవాఖాన ఎందుకు, పైసలు దండగ" అంటారు. ఎటు చూసినా వాయిదా పడేది టెస్టే.

కొత్తగా వచ్చిందా, మొదటి నెలలోనే వాడండి

ముందు మీకు వచ్చింది ఏ రకమో తెలుసుకోండి. పోలేపల్లి సెజ్‌లోనో కొత్తూరు వైపు ఫ్యాక్టరీలోనో చేరి జీతం నెలకు 21,000 లోపు ఉంటే మామూలుగా ఉద్యోగుల ప్రభుత్వ బీమా అయిన ఈఎస్‌ఐ ఉంటుంది. జీతంలో 0.75 శాతం మీ దగ్గర కట్ అవుతుంది, 3.25 శాతం కంపెనీ కడుతుంది. ఈఎస్‌ఐలో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే అడ్మిట్ కాకపోయినా పనికొస్తుంది, డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, టెస్టులు రాయించుకోవచ్చు, మందులు తీసుకోవచ్చు. లైన్ ఉంటుంది, ఒక పూట పోతుంది, నిజమే. అయినా నెలనెలా పైసలు కట్ అవుతుంటే బయట మెడికల్ షాపులో మళ్లీ పైసలు పెట్టి కొనుక్కోవడం నాకైతే అర్థం కాదు. భార్యాపిల్లల పేర్లు, మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నల పేర్లు ఎక్కాయో లేదో చేరిన వారంలోనే హెచ్‌ఆర్‌ను అడగండి, జ్వరం వచ్చిన రోజు అడిగితే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీ అయినా, సొంతంగా కొన్న పాలసీ అయినా, పాలసీ కాగితాల్లో హెల్త్ చెకప్ అనే మాట ఉందేమో వెతకండి. చాలా పాలసీల్లో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఉచితంగా ఉంటుంది, ఆ గడువులో వాడకపోతే పోయినట్టే. నూటికి ఎంతమంది వాడతారో గానీ నా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మందికి అది ఉందనే తెలియదు.

ఇంకో భయం ఉంది, పైకి ఎవరూ చెప్పరు. టెస్ట్ చేయిస్తే షుగర్ బయటపడుతుంది, బయటపడితే ప్రీమియం పెరుగుతుంది లేదా పాలసీ ఇవ్వరు, కాబట్టి తెలియకుండా ఉండడమే మంచిది అనుకుంటారు. నష్టం ఇక్కడే మొదలవుతుంది. ముందే ఉన్న జబ్బుకు ఇన్సూరెన్స్ కంపెనీలు పెట్టే వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు పైసలు ఇవ్వని కాలం) 2024 నుంచి గరిష్ఠంగా 3 ఏళ్లే, అంతకుముందు 4 ఏళ్లుండేది. తెలిసిన షుగర్‌ను ఫారంలో దాచిపెడితే మాత్రం క్లెయిమ్ రోజు పాత చీటీ ఒకటి బయటికొచ్చి మొత్తానికే ఎసరు పెడుతుంది. పాలసీ తీసుకుని కొంతకాలం గడిచాక కొత్తగా పడ్డ షుగర్‌కు ఆ లెక్క వేరు, దాన్ని ముందే ఉన్న జబ్బు అనరు. అందుకే ఒంట్లో ఏం లేనప్పుడే పాలసీ తీసుకోవాలి. పాలసీ లేదని టెస్ట్ ఆపడం మాత్రం తెలివితక్కువ.

అలవాట్ల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2008లో పేదవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్‌ను లాటరీ తీసి ఇచ్చింది, ఆ వంకతో పరిశోధకులకు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసే అవకాశం దొరికింది. కార్డు వచ్చినవాళ్లు కొలెస్ట్రాల్ టెస్టులు ఎక్కువ చేయించుకున్నారు, షుగర్ ఉన్నట్టు ఎక్కువమందికి తెలిసింది, మందులు మొదలుపెట్టారు, డిప్రెషన్ తగ్గింది. సిగరెట్ తాగేవాళ్లు గానీ లావున్నవాళ్లు గానీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రెండేళ్లయ్యాక చూస్తే బీపీ అంకెలూ పెద్దగా మారలేదు. అంటే కార్డు మిమ్మల్ని డాక్టర్ ముందు కూర్చోబెడుతుంది, జేబులోంచి గుట్కా ప్యాకెట్ మాత్రం తీయదు. కాబట్టి చెకప్ రిపోర్ట్ చేతికొచ్చిన రోజే ఒక అలవాటును పట్టుకోండి, రాత్రి అన్నం తగ్గించడమో పొద్దున నడకో, ఏదైనా ఒక్కటే.

పోతోందా, పోయిందా

ఉద్యోగం మానే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, రాజీనామా లెటర్ ఇచ్చాక హడావుడిలో ఎవరికీ గుర్తుండవు. గ్రూప్ పాలసీ చాలాచోట్ల చివరి పని రోజుతో ఆగిపోతుంది. దాన్ని అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలుందా అని మానక ముందే అడగండి, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. వాడని చెకప్ ఉంటే ఆ నెలలోనే వాడేయండి. రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కంపెనీ యాప్‌లో ఉన్నవి యాప్‌తోనే పోతాయి. ఈఎస్‌ఐ వేరు, జీతం 21,000 దాటిన నెలే తెగిపోదు, నడుస్తున్న ఆరు నెలల కాలం అంటే మార్చి చివరో సెప్టెంబర్ చివరో వచ్చేదాకా ఉంటుంది. ఉద్యోగం మానేసినా కట్టిన రోజులను బట్టి కొన్ని నెలలు నడిచే అవకాశం ఉంది, కార్డు పడేయకుండా డిస్పెన్సరీలో అడగండి. సొంత పాలసీ ఏడాది ప్రీమియం మర్చిపోతే 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది, ఆలోపు కడితే పాత లెక్క పోదు, కట్టని ఆ రోజుల్లో జబ్బు పడితే మాత్రం పైసలు రావు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ లేదు, బిల్లు కాస్త తేలికైంది.

ఇక అసలు విషయం గోలీలు. మిర్యాలగూడలో మిల్లు పని మానేసిన ఒక పెద్దాయనను "ఏం మామా, బీపీ గోలీ ఏసుకుంటున్నవా" అని అడిగితే "రోజిడిచి రోజు ఏసుకుంటున్న బిడ్డా, ఇప్పుడు కార్డు లేదు గదా" అన్నాడు. అంగీ జేబులోంచి తీసి చూపించాడు: షాపులో కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క, అయిదు గోలీలు, వెనక పేరులో చివరి అక్షరాలు మాత్రమే ఉన్నాయి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. రేపు ఇంకో డాక్టర్ "ఏం మందు వాడుతున్నావు" అంటే ఆయన ఏం చెప్పాలి? బీపీ గోలీ రోజు విడిచి రోజు వేసుకుంటే బీపీ అదుపులో ఉండదు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, తెలిసేసరికి పక్షవాతమో గుండెపోటో అయి ఉంటుంది. విడిగా కొనాల్సి వస్తే నిండు స్ట్రిప్‌ను ముందు ఫొటో తీసుకోండి.

అసలు విడిగా కొనే పనే లేదు చాలామందికి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో, పల్లె దవాఖానలో బీపీ, షుగర్ గోలీలు ఉచితం, ఏ ఇన్సూరెన్స్ కార్డూ అడగరు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఇంటికొచ్చే ఆశా వర్కర్‌తో "అక్కా, నా పేరు రాయి" అంటే చాలు. రక్త పరీక్షలకు పీహెచ్‌సీలోనే శాంపిల్ తీసి తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు. ఫాస్టింగ్ టెస్ట్ అయితే చాయ్ కూడా తాగకుండా పొద్దున్నే పోండి, రిపోర్ట్ రాకపోతే ఊరుకోకుండా మళ్లీ వెళ్లి అడగండి. గోలీలు ఒక్కోసారి అయిపోతాయి, అప్పుడు తక్కువ ధరకు మందులు అమ్మే జన ఔషధి షాపు చూడండి.

నల్గొండ జిల్లాలో నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఒక మాట. ఫ్లోరైడ్‌తో వచ్చే కీళ్ల నొప్పికి ఏ పాలసీ కొన్నా ముందు చూడాల్సింది తాగే నీళ్లు, బోరు నీళ్లు మాని మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడం. నొప్పి గోలీలు ఏళ్ల తరబడి మింగేవాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) చేయించుకోవాలి, ఆ గోలీలు కిడ్నీల మీద పడతాయి.

పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పనికి పోయేవాళ్లు బయల్దేరే ముందు పీహెచ్‌సీలో నెల రోజుల మందులు అడిగి తీసుకోండి, చీటీ ఫొటో ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి. ఇంట్లో 70 దాటిన అమ్మానాన్నలు ఉంటే ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. అదీ దవాఖానలో చేరినప్పటికే. వాళ్ల బీపీ గోలీ మాత్రం పీహెచ్‌సీ నుంచే రావాలి.