మన ఎండలో సల్కాటా తాబేలు పిల్లకు ఇంట్లో గూడు

ముందు మీ చేతిలో ఉన్నది ఏ జాతో తేల్చుకోండి. పెంకు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. అమ్మినవాళ్లు ఏం చెప్పినా నమ్మకండి, ఫారెస్ట్ ఆఫీసులో అప్పగించండి. నేను చెప్పేది ఆఫ్రికా సల్కాటా పిల్ల గురించి. దాన్నీ కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పెద్దయితే 40 కిలోలు దాటొచ్చు కాబట్టి పెరడు లేనివాళ్లు తెచ్చుకోవద్దనే నా మాట.

ఎడారి జీవి కదా అని పిల్లను పొడిగా ఉంచుతారు. అక్కడే దెబ్బ తింటుంది. సల్కాటాలు బొరియల్లో, చెమ్మలో ఎక్కువ సేపు గడుపుతాయి. చెమ్మ చాలకపోతే పెంకు బొడిపెలు బొడిపెలుగా లేస్తుంది, అది మళ్లీ చదును కాదు.

హన్మకొండలో మా ఇంట్లో ఉన్నది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ప్లైవుడ్ పెట్టె. లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచాను. అద్దాల తొట్టి వద్దు, బయటికి దారి ఉందనుకుని పిల్ల రోజంతా గోడకు రాసుకుంటుంది. ఎలుకలు, పిల్లులు రాకుండా పైన ఇనుప జాలీ తప్పనిసరి.

అడుగున కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు వేయండి. నర్సరీల్లో 5 కిలోల ఇటుకలుగా దొరుకుతుంది, ఎరువు కలపనిదే అడగండి. ఉప్పు పోయేలా రెండు మూడు సార్లు కడిగి, మూడు అంగుళాల మందాన పరవండి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. ఇసుక వద్దు, మేతతో పాటు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. దాక్కోవడానికి పగిలిన కుండ సగం బోర్లించి, దాని కింద కోకోపీట్ కాస్త ఎక్కువ తడిగా ఉంచండి. నీళ్లకు పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం చాలు. నీళ్లు పిల్ల గడ్డం దాటకూడదు.

ఒక చివర హీట్ బల్బు కింద 35 నుంచి 37 డిగ్రీలు, రెండో చివర 27 దాకా ఉండాలి. రెండు చోట్లా థర్మామీటర్ పెట్టండి. బల్బును గొలుసుతో కట్టండి, వైరుకు వేలాడదీస్తే తెగి పడి నిప్పు అంటుకుంటుంది. ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబును జాలీకి లోపలి వైపు బిగించి, రోజుకు 12 గంటలు వెలిగించండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అవి అందకపోతే ఎముక, పెంకు మెత్తబడతాయి.

మన దగ్గర అసలు టెన్షన్ రెండు కాలాల్లో. డిసెంబర్ రాత్రుల్లో చెమ్మకు చలి తోడైతే ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. వెలుతురు రాని సిరామిక్ హీటరును, వేడిని దానంతట అదే అదుపు చేసే థర్మోస్టాట్‌తో పెట్టి 26కు తగ్గనివ్వకండి. మే నెలలో స్లాబు కింద గదే కాగిపోతుంది. చల్లని చివర 32 దాటితే హీట్ బల్బు ఆపేసి, పెట్టెను కింది అంతస్తుకు మార్చండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి.

మేతకు గరిక, మందార ఆకులు, మల్బరీ ఆకులు మంచివి. పాలకూర, పండ్లు, అన్నం వద్దు. రోజూ 15 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి, పెట్టెలో వదిలాక సబ్బుతో చేతులు కడుక్కోండి. తాబేళ్ల నుంచి అంటుకునే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఇంట్లో చిన్నపిల్లలకు ప్రమాదం. ముక్కులో బుడగలు కనిపించినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.