మంచు క్రీడల కోసం వ్యాన్ బండిలోనే కాపురం: కొనే ముందు జాగ్రత్తలు

పాత బండి అయితే ముందు కిందికి దూరి చూడండి. మంచు రోడ్లపై చల్లే ఉప్పు ఛాసిస్‌నీ (బండి అడుగు చట్రం) బ్రేకు పైపులనీ తినేస్తుంది. పైన కొత్త పెయింట్ చూసి మోసపోవద్దు.

• టైర్లపై మూడు శిఖరాల మధ్య మంచురేకు గుర్తు ఉండాలి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) గుర్తు చాలదు. ఫోర్ వీల్ డ్రైవ్ ముందుకు లాగుతుంది గానీ, బ్రేకు వేసినప్పుడు ఆదుకోదు.

• అసలు శత్రువు తేమ. ఊపిరి, వంట, తడి బూట్లు... ఆ ఆవిరంతా చల్లటి రేకుపై నీరై, ఇన్సులేషన్ (చలి ఆపే పొర) వెనక చేరి, లోపలి నుంచే తుప్పు పట్టిస్తుంది. రూఫ్ వెంట్ (గాలి బయటికి పోయే పైకప్పు కిటికీ) లేని బండి, మిగతావన్నీ బాగున్నా, వదిలేయడమే మేలు. బూట్లు ఆరబెట్టడానికి హీటరు గాలి తగిలే అర ఒకటి కావాలి.

• లిథియం బ్యాటరీని 0 డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే పాడవుతుంది. దానికీ నీళ్ల ట్యాంకుకీ లోపలే చోటుందా?

• పొయ్యికి వాడే బ్యూటేన్ గ్యాస్ 0 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది.

• డీజిల్ హీటరు పొగగొట్టం మంచులో పూడుకుపోని చోట ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం తప్పనిసరి.

• స్కీలు (మంచుపై జారే పొడవాటి పలకలు) తీసుకెళ్లి పెట్టి చూడండి, అడ్డంగా పట్టకపోవచ్చు.