రోడ్డుకి అవతలి స్కూలు మనది కాదు: డాలస్ వైపు మారేవాళ్ళు ఎలిమెంటరీ స్కూలు ఎలా చూసుకోవాలి

రెండేళ్ళ కిందట జూలైలో మిషిగన్ నుంచి డాలస్ పక్కకి మారాం. మా ఆయన ముందే వచ్చి ఉద్యోగంలో చేరిపోయారు. ఇల్లు చూడటం, పాపని కిండర్‌గార్టెన్‌లో వేయడం రెండూ నా నెత్తిన పడ్డాయి. వీడియో కాల్‌లో చూసి ఒక అపార్ట్‌మెంట్ ఖాయం చేసేశాను. బాల్కనీలో నిలబడితే రోడ్డుకి అవతల ఎలిమెంటరీ స్కూలు, దాని ముందు పసుపు రంగు జారుడుబల్ల. "స్కూలు ఇదేనా?" అంటే లీజింగ్ ఆఫీసు అమ్మాయి "రైట్ అక్రాస్ ద స్ట్రీట్" అంది. ఆ పిల్ల అబద్ధమేమీ చెప్పలేదు, స్కూలు నిజంగానే రోడ్డుకి అవతల ఉంది. కాకపోతే స్కూళ్ళ బౌండరీ గీత సరిగ్గా ఆ రోడ్డు మధ్యలోంచి పోతోంది. మా వైపు వాళ్ళందరికీ ఒకటిన్నర మైలు అవతల ఇంకో స్కూలు. మామూలుగా రెండు మైళ్ళు దాటితేనే స్కూలు బస్సు ఇస్తారు కాబట్టి అదీ లేదు. రోజూ రెండుసార్లు కారు తీయాల్సిందే. పాప ఆ ఏడాదంతా బాల్కనీలోంచి జారుడుబల్లని చూస్తూ ఇడ్లీ తింది.

అందుకే ఎవరు ఫోన్ చేసి "అక్కా, ఏ స్కూలు మంచిది?" అన్నా నేను ముందు అడిగేది "లీజు మీద సంతకం పెట్టారా?" అని. మన దగ్గర ముందు స్కూలు అనుకుంటాం, ఆ తర్వాత బస్సో ఆటోనో చూసుకుంటాం. ఇక్కడ పబ్లిక్ స్కూలుకి ఫీజు లేదు, కానీ మామూలుగా అది మీరు ఎంచుకునేది కాదు, మీ అడ్రసుని బట్టి వచ్చేది. స్కూలు ఎంచుకోవడమంటే ఇల్లు ఎంచుకోవడమే.

అందులోనూ ఊరు పేరు చూసి మోసపోవద్దు. ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థని స్కూల్ డిస్ట్రిక్ట్ అంటారు, టెక్సస్‌లో దాని పేరు చివర ఐఎస్‌డీ అని ఉంటుంది. దాని హద్దులు వేరు, ఊరి హద్దులు వేరు. అడ్రసులో ప్లేనో అనో మెకినీ అనో ఉన్నా పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీకి వెళ్ళే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఫ్రిస్కోలోనే ఉంటూ లూయిస్‌విల్ ఐఎస్‌డీ కిందికి వచ్చే ఇళ్ళూ ఉన్నాయి. ఇల్లు అమ్మే యాప్‌లలో పక్కన చూపించే స్కూలు పేరుని కూడా నమ్మకండి, ఒక్కోసారి అది పాతబడిపోయి ఉంటుంది. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో స్కూల్ లొకేటర్ అని ఉంటుంది. అందులో ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు కొట్టండి. వచ్చినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఆ స్కూలు ఫ్రంట్ ఆఫీసుకి ఫోన్ చేయండి. రిజిస్ట్రార్ అనే ఆవిడ ఉంటుంది, అడ్మిషన్ల సంగతంతా ఆమె చేతిలోనే.

ఆమెని రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఒకటి, ఈ గ్రేడ్‌లో ఖాళీ ఉందా అని. కొత్త కాలనీలు లేచే చోట స్కూళ్ళు నిండిపోతాయి. అప్పుడు ఆ గ్రేడ్‌ని "క్యాప్" చేసి, కొత్తగా వచ్చిన పిల్లల్ని ఓవర్‌ఫ్లో అని పక్క స్కూలుకి పంపిస్తారు. అడ్రసు సరైనదే అయినా సీటు మాత్రం ఇంకోచోట. టెక్సస్‌లో కిండర్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా క్లాసుకి 22 మంది అన్నది చట్టంలో ఉన్న పరిమితి. డిస్ట్రిక్ట్ ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుంటే దాటొచ్చు, అదీ అడగండి. రెండోది, వచ్చే ఏడాది రీజోనింగ్, అంటే బౌండరీ గీతలు మార్చే మాటేమైనా ఉందా అని. కొత్త స్కూలు కడితే గీతలు జరుగుతాయి. పిల్లలు తగ్గితే స్కూళ్ళే మూసేస్తారు. ప్లేనో ఐఎస్‌డీ అంత పేరున్న డిస్ట్రిక్టే నాలుగు స్కూళ్ళు మూసేయాలని 2024లో నిర్ణయించింది, అందులో రెండు ఎలిమెంటరీలు. రిజిస్ట్రార్ ఈ ప్రశ్నకి తప్పించుకుంటూ మాట్లాడితే డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగుల అజెండా తెరిచి చూడండి, అంతా అక్కడ రాసే ఉంటుంది.

ఇక వెబ్‌సైట్లు స్కూళ్ళకి పదికి ఇన్ని అని ఇచ్చే రేటింగులు. మన వాట్సాప్ గ్రూపుల్లో "నైనా, టెన్నా?" అన్న ప్రశ్న తప్ప ఇంకో మాట వినపడదు. నేనూ మొదట అంతే. ఆ పదికి ఇన్ని అన్న మార్కు ఎక్కువగా రాష్ట్ర పరీక్షల స్కోర్ల మీద కట్టింది. టెక్సస్‌లో ఆ పరీక్షలు మూడో గ్రేడ్‌లో మొదలవుతాయి. అంటే మీ ఐదేళ్ళ పిల్ల కూర్చోబోయే కిండర్ క్లాసు గురించి ఆ అంకె చెప్పేది దాదాపు ఏమీ లేదు. అది చెప్పేది ఆ వీధుల్లో తల్లిదండ్రుల సంపాదన, చదువు, సాయంత్రం పిల్లలు వెళ్ళే లెక్కల ట్యూషన్ల గురించి. మన వాళ్ళు ఎక్కువున్న చోట తొమ్మిది రాకపోతేనే ఆశ్చర్యం.

మార్కు కావాలనుకుంటే రాష్ట్ర విద్యాశాఖ టీఈఏ నడిపే టీఎక్స్‌స్కూల్స్ సైట్‌లో చూడండి. అక్కడ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్‌తో పాటు దాన్ని మూడు భాగాలుగా విడదీసి చూపిస్తారు. నేను చూసేది స్కూల్ ప్రోగ్రెస్ అన్న భాగంలో అకడమిక్ గ్రోత్ ఒక్కటే. పిల్లలు ఎక్కడున్నారని కాకుండా ఏడాదిలో ఎంత ముందుకెళ్ళారని అది చెప్తుంది. ఇంకొంచెం ఓపిక ఉంటే టీఏపీఆర్ అని ప్రతి స్కూలుకీ ఒక పొడుగాటి నివేదిక ఉంటుంది. చివరి పేజీల దాకా వెళ్ళండి. ఏ గ్రేడ్‌లో సగటున క్లాసుకి ఎంతమంది, టీచర్లలో కొత్తవాళ్ళెంతమంది, పదేళ్ళు పైబడినవాళ్ళెంతమంది, అన్నీ ఉంటాయి. నేను నోరూరుతూ చూసిన ఒక తొమ్మిది మార్కుల స్కూల్లో మొదటి ఏడాది టీచర్ల వాటా మా స్కూల్లో కంటే చాలా ఎక్కువ. కొత్త టీచర్లు చెడ్డవాళ్ళని కాదు. కానీ పాతవాళ్ళు ఎందుకు నిలవడం లేదో అడగాలనిపించింది.

ఇవన్నీ ఒక ఎత్తు, వెళ్ళి చూడటం ఒక ఎత్తు. మొదటి ఏడాది లీజు అయిపోతున్నప్పుడు ఇంకో ఇంటికి మారదామా అని మూడు స్కూళ్ళు తిరిగాను. ఉదయం టూర్ ఇస్తారు, బాగుంటుంది. గోడల మీద రంగు కాగితాలు, నవ్వుతూ ప్రిన్సిపల్. టూర్‌లో అన్ని స్కూళ్ళూ ఒకేలా ఉంటాయి. మీరు మధ్యాహ్నం బడి వదిలే వేళకి వెళ్ళి బయట పేవ్‌మెంట్ మీద నిలబడండి. కార్ లైన్ అంటారు, కార్లు పాములా వరుస కడతాయి, ప్రతి కారు అద్దం మీద ఒక నంబరు. ఆ నంబరు మైకులో చదువుతుంటే పిల్లలు వచ్చి ఎక్కుతుంటారు. మొదటి పదిహేను నిమిషాల హడావిడి ఎక్కడైనా ఒకటే, పట్టించుకోకండి. వెళ్ళిపోకుండా చివరిదాకా ఉండండి. ఎవరో ఒక పిల్లాడు మిగులుతాడు, వాళ్ళమ్మ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటుంది. వాడి పక్కన ఎవరున్నారో చూడండి.

ఒక స్కూల్లో ఆ పిల్లాడు అద్దాల తలుపు లోపల బ్యాగు వీపునే ఉంచుకుని ఒక్కడే నిలబడ్డాడు. బయట ఇద్దరు స్టాఫ్ ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంకో స్కూల్లో ప్రిన్సిపల్ హీల్స్ తీసి పక్కన పెట్టి, గట్టు మీద వాడి పక్కనే చతికిలపడింది. వాడు చేతులు ఊపుతూ బల్లి తోక తెగిపోతే మళ్ళీ ఎలా వస్తుందో చెప్తున్నాడు. ఆవిడ "మరి ఎముక కూడా వస్తుందా?" అని అడుగుతోంది. ఆ రెండోది మా స్కూలే. ఏడాదంతా అదే కార్ లైన్‌లో కూర్చుని ఫోన్ చూసుకున్న నాకు ఒక్కసారీ అది కంటపడలేదు. ఆ సాయంత్రమే లీజు పొడిగించమని మెయిల్ పెట్టాను.

కాగితాల సంగతి కాస్త తొందరగా చెప్పేస్తాను. సంతకాలున్న లీజు, కరెంటు బిల్లు, బర్త్ సర్టిఫికెట్, మీ ఐడీ, టీకాల రికార్డు. వీసా స్టేటస్ గురించి భయపడక్కర్లేదు. ఏ స్టేటస్ వల్లా పిల్లల్ని బడికి రానివ్వకుండా ఆపకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పిచ్చింది. ఆ కేసు పుట్టింది కూడా ఈ టెక్సస్‌లోనే, టైలర్ అనే ఊళ్ళో. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే వాళ్ళే ఇంకో నంబరు ఇస్తారు. వయసు మాత్రం గట్టి లెక్క: సెప్టెంబర్ 1కి ఐదేళ్ళు నిండితేనే కిండర్. రెండో తారీఖు పుట్టినరోజైనా వచ్చే ఏడాదే. న్యూయార్క్ సిటీలో డిసెంబర్ దాకా పుట్టినవాళ్ళని తీసుకుంటారు కాబట్టి అక్కడ పబ్లిక్ స్కూల్లో కిండర్ పూర్తి చేసి వస్తే, ఆరు నిండకపోయినా ఇక్కడ ఫస్ట్ గ్రేడ్‌లో చేర్చుకోవచ్చు. ఆ రికార్డు జాగ్రత్తగా తెచ్చుకోండి.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారం ఇస్తారు. "ఇంగ్లిష్ అని రాసెయ్, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో పడేస్తారు" అని గ్రూపుల్లో సలహా తిరుగుతుంటుంది. ఈఎస్‌ఎల్ అంటే ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకి ఇంగ్లిష్ నేర్పే ఏర్పాటు. నేను తెలుగు అనే రాశాను. పాపకి చిన్న పరీక్ష పెట్టారు. ఇంగ్లిష్ రాకపోతే సాయం చేస్తారు, అంతే. వద్దనుకుంటే వద్దని సంతకం పెట్టే హక్కు మనకుంది. చిక్కు ఒక్కటే: ఇంగ్లిష్ సాయం కావాల్సినవాళ్ళ జాబితాలో పేరు ఎక్కితే, సాయం వద్దన్నా సరే, అందులోంచి బయటపడేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. కానీ ఇదే ఫారంకి ఒక మంచి గుణం కూడా ఉంది. ఇంగ్లిష్ మాట్లాడలేని నాలుగేళ్ళ పిల్లలకి టెక్సస్‌లో ప్రీకే, అంటే కిండర్‌కి ముందు క్లాసు, ఉచితం, అదీ పూర్తి రోజు. మన వాళ్ళలో ఇది తెలియక నెలనెలా డేకేర్‌కి కడుతున్నవాళ్ళు ఎంతమందో.

టీకాల దగ్గర మా తోడికోడలు పడ్డ తిప్పలు కూడా చెప్పాలి. వాళ్ళు గుంటూరు నుంచి నేరుగా ఇక్కడికే దిగారు. బాబు టీకాల పుస్తకం నీట్‌గా ఉంది, తేదీలూ స్టాంపులూ అన్నీ. బడి మొదలయ్యే ముందు రోజు స్కూలు నర్సు ఫోన్ చేసింది, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) ఒక డోసు తక్కువని. మన దగ్గర మొదటిది తొమ్మిదో నెలలో వేస్తారు. ఇక్కడ మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్క. పైగా హెపటైటిస్-ఏ టీకా రెండు డోసులు కావాలి, ఆ పుస్తకంలో ఒక్కటే ఉంది. సాయంత్రం ఆరింటికి ఒక ఫార్మసీ నుంచి ఇంకో ఫార్మసీకి తిరిగాం, ఆ వయసు పిల్లలకి తాము వేయమన్నారు. చివరికి కౌంటీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది, నాలుగు రోజుల తర్వాత. కొత్త బ్యాగు, కొత్త బూట్లు హాల్లో పెట్టుకుని వాడు ఆ నాలుగు రోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు. బాల్కనీలోంచి పసుపు జారుడుబల్లని చూసి "నా స్కూలు అదేనా పెద్దమ్మా?" అన్నాడు.