వర్డ్ ఫైల్లో లేని తప్పులు పుస్తకంలోకి ఎలా వచ్చాయి? సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లకు సమస్య - పరిష్కారం

వర్డ్‌లో టైపు చేయడం, పీడీఎఫ్ తెరవడం, పుస్తకం పేజీలు కట్టే డీటీపీ సెంటర్‌కి ఫైలు పంపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. డెమ్మీ సైజా క్రౌనా, కాగితం బరువు 70 జీఎస్ఎమ్మా 80యా అన్నది కూడా ప్రెస్ వాళ్లతో మాట్లాడి తేల్చుకునే ఉంటారు. ఆ తర్వాత వచ్చే తలనొప్పుల సంగతి ఇది. వాటిలో ఒక్కటి మాత్రం ఎంతమందికి చెప్పినా మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది, అందుకే దాన్నే ముందు పెట్టి ఎక్కువగా చెప్తున్నా.

లక్షణం: రాతప్రతిలో సరిగ్గానే ఉంది, అచ్చులో తప్పుల తడక

"హైదరాబాద్‌లో" అని రాశారు, పుస్తకంలో "హైదరాబాద్లో" అని పడింది. "రాజ్‌కుమార్" కాస్తా "రాజ్కుమార్" అయ్యాడు. "సాఫ్ట్‌వేర్" కింద ఒత్తు మీద ఒత్తు వేలాడుతోంది. కోట్స్ ఉండాల్సిన చోట ఏదో గుడి, ఏదో కొమ్ము. రెండో పేజీలో మీ ఈమెయిల్ ఉండాల్సిన చోట అర్థంలేని తెలుగు ముక్కలు. రచయితేమో "నేను ప్రూఫు రెండుసార్లు చదివానండీ" అంటారు. నిజమే, చదివారు. కానీ ఏ ఫైలు చదివారు? వర్డ్ ఫైలు. అచ్చయింది వేరే ఫైలు.

కారణం ఇది. మీరు ఫోన్లోనో కంప్యూటర్లోనో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి. మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో అను అనే పాత రకం తెలుగు ఫాంట్లతోనే పేజీలు కడతారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది, తెలుగు యూనికోడ్ దానికి తెలియదు. కాబట్టి ఆపరేటర్ మీ ఫైలును ఒక కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తాడు. ఈ మార్పిడి సంగతి మీకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది ఒక క్లిక్కు పని.

ఆ ఒక్క క్లిక్కులో పోయేవి ఏమిటంటే, మొదటగా, పొల్లు అక్షరాన్ని తర్వాతి అక్షరంతో కలవనీయకుండా మధ్యలో నిలబడే ఒక కనిపించని గుర్తు. యూనికోడ్‌లో "హైదరాబాద్‌లో" అన్నప్పుడు "ద్"కీ "లో"కీ మధ్య అది ఉంటుంది. చాలా కన్వర్టర్లు దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తాయి, వెంటనే "ల" ఒత్తుగా మారి "ద" కిందికి దిగిపోతుంది. ఇంగ్లీషు మాటలకు, హల్లుతో ముగిసే ఊళ్ల పేర్లకు, మనుషుల పేర్లకు లో, కి, తో, ను చేర్చిన ప్రతి చోటా ఇదే ప్రమాదం. ఈ కాలం కథల్లో అలాంటి మాటలు పేజీకి ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

రెండోది, అను ఫాంట్లో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. ఆపరేటర్ మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చేశాడంటే మధ్యలో ఉన్న ఇంగ్లీషు అంతా పిచ్చి తెలుగైపోతుంది. కోట్స్, డాష్‌ల గొడవ కూడా ఇదే కోవ. మూడోది, "జ్యోత్స్న" లాంటి మూడు హల్లుల సంయుక్తాలు, బండి ర (ఱ), అరసున్న (ఁ) లాంటి అరుదైన అక్షరాలు. కన్వర్టర్‌ని బట్టి ఇవి బాగానే రావచ్చు, విరిగిపోనూ వచ్చు.

ఇవి కంటికి ఆనవు, అసలు చిక్కు అక్కడే. రాసినవాడి కళ్లు అక్షరాలను చదవవు, తను రాసిన వాక్యాన్ని గుర్తు చేసుకుంటాయి. "హైదరాబాద్లో" ఎదురుగా ఉన్నా మెదడు దాన్ని "హైదరాబాద్‌లో" అనే చదువుకుంటుంది. కొత్త పాఠకుడు మాత్రం మొదటి పేజీలోనే ఆగి, రచయితకు తెలుగు రాదనుకుంటాడు. ఆపరేటర్ పేరు అట్ట మీద ఉండదు కదా, మీ పేరే ఉంటుంది.

ముందు మీ ఫైలు ఏ రకమో తేల్చుకోండి. డీటీపీ సెంటర్ పంపిన పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు వస్తే (కాస్త అటూఇటూ అయినా సరే) అది యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త వస్తే అది అను. అర నిమిషం పని. నన్ను అడిగేవాళ్లలో ఈ పని చేసి వచ్చినవాళ్లు దాదాపు లేరు.

అను అయితే ఇలా చేయండి. ఫైలు ఇచ్చేముందే మీ రాతప్రతిలో ఇంగ్లీషు మాటలు, ఊళ్లు, పేర్లు ఎక్కడెక్కడ విభక్తులతో కలిశాయో చూసి ఒక జాబితా రాసి ఆపరేటర్‌కి ఇవ్వండి. అనులో పొల్లు అక్షరం విడిగా కొట్టుకోవచ్చు, కాబట్టి సరిచేయడం కష్టం కాదు, ఎక్కడ సరిచేయాలో తెలియడమే కష్టం. ఆ తర్వాత పేజీలు కట్టిన ఫైలునే ప్రింటు తీయించి, కాగితం మీద, ఎర్ర పెన్నుతో, ఆ జాబితా పక్కన పెట్టుకుని దిద్దండి. ఒక ప్రూఫు మీరు కాక వేరే ఎవరైనా చదవాలి, కథ ముందుగా తెలియనివాళ్లయితే మరీ మంచిది.

అసలు ఈ గొడవంతా వద్దనుకుంటే పేజీలు కట్టే కొత్త సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్లతో చేసే ఆపరేటర్‌ని వెతుక్కోండి. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. అక్కడ చూడాల్సింది ఒక్కటే, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టారా లేదా. పెట్టకపోతే "స్త్రీ" మూడు ముక్కలై, ఒత్తులన్నీ పక్కకొచ్చి నిలబడతాయి. ఇది మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది, కాబట్టి పెద్దగా భయం లేదు. రేపు ఈబుక్ వేద్దామనుకున్నా ఈ ఫైలే పనికొస్తుంది, అను ఫైలును మళ్లీ యూనికోడ్‌లోకి తిప్పితే ఇంకో విడత తప్పులు.

లక్షణం: దిద్దిన తప్పు మళ్లీ ప్రత్యక్షం

పేజీలు కట్టడం మొదలయ్యాక మీరు వర్డ్ ఫైల్లో మార్పులు చేసి "కొత్త ఫైలు పంపాను, చూడండి" అని మెసేజ్ పెట్టి ఉంటారు. ఆపరేటర్ ఒక అధ్యాయం కొత్తదాంట్లోంచి, ఒకటి పాతదాంట్లోంచి తీసుకుంటాడు. మార్పిడి జరిగిన రోజు నుంచి వర్డ్ ఫైలును ముట్టుకోకండి. ఏ మార్పయినా ప్రూఫు మీదే, పేజీ నంబరు, లైను నంబరుతో. ఫోన్లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి దిద్దించేవాళ్లున్నారు, వాళ్లకి నా దగ్గర పరిష్కారం లేదు.

లక్షణం: ఆఖరి ప్రూఫు బాగుంది, ప్రెస్‌లో అక్షరాలు మారాయి

ప్రెస్‌కి పేజ్‌మేకర్ ఫైలే ఇచ్చారు, అక్కడి కంప్యూటర్లో అను వేరే వెర్షన్ ఉంది. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే కలిపేసిన) పీడీఎఫ్ ఇవ్వండి. దాన్ని ముందు మీ ఫోన్లో తెరిచి చూడండి, ఫోన్లో అను ఫాంట్ ఉండదు కాబట్టి ఎంబెడ్ కాకపోతే అక్కడే బయటపడుతుంది.

లక్షణం: అట్ట వెన్ను మీద పేరు పక్కకు జరిగింది

పేజీల లెక్క తేలకముందే అట్ట వేయించారు. దిద్దుబాట్లలో 160 పేజీలు 176 అయ్యాయి, వెన్ను మందం మారింది. లోపలి పేజీలు ఖాయమయ్యాక, కాగితం ఏదో చెప్పి, వెన్ను కొలత ప్రెస్ వాళ్లనే అడిగి తీసుకోండి.

లక్షణం: షాపువాళ్లు పుస్తకం తీసుకోవడం లేదు, తీసుకున్నా మీకేమీ మిగలడం లేదు

వెల వేసేటప్పుడు కమిషన్ మర్చిపోయారు. మామూలుగా 30 నుంచి 40 శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 150 రూపాయల పుస్తకానికి 40 శాతం పోతే చేతికి 90, అచ్చుకు 70 అయితే మిగిలిన 20లోంచే రవాణా, ఉచిత ప్రతులు. వెల అట్ట మీద పడ్డాక చేయగలిగింది లేదు, ముందే లెక్క వేసుకోండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) లేదని షాపువాళ్లు వెనక్కి పంపితే, అది మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో రచయిత నేరుగా అప్లై చేసుకోవచ్చు. నంబరుకే డబ్బులు అడిగేవాళ్లకు ఇవ్వకండి. కానీ అట్ట ప్రెస్‌కి వెళ్లే ముందురోజు అప్లై చేసి టెన్షన్ పడితే ఎలా?

లక్షణం: పోస్టుకు లైకులు బోలెడు, ఆర్డర్లు లేవు

మీ పోస్టు మీరే ఒకసారి చదవండి. అట్ట బొమ్మ ఉంది, ఆవిష్కరణ సభ ఫొటోలు ఉన్నాయి, శాలువాలు ఉన్నాయి. పుస్తకం ఎలా కొనాలో ఎక్కడా లేదు. "కావలసినవారు ఇన్‌బాక్స్‌లో సంప్రదించగలరు" అంటే ఎవరూ సంప్రదించరు. పోస్టేజీతో కలిపి మొత్తం ఎంతో, యూపీఐ నంబరు, స్క్రీన్‌షాట్‌తో పాటు అడ్రసు, పిన్‌కోడ్ ఎక్కడికి పంపాలో మొదటి మూడు వరుసల్లో ఉండాలి. పోస్టేజీ పాత లెక్కతో వేయకండి, రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు, ఒక కాపీ ప్యాక్ చేసి పోస్టాఫీసులో తూయించుకున్నాకే రేటు చెప్పండి.

సభలో వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పంచేసి, తర్వాత కొనేవాళ్లు లేరని బాధపడటం ఇంకో రకం. మీ పుస్తకం కొనే మొదటి వందమంది ఆ హాల్లోనే ఉన్నారు. పత్రికల సమీక్షకు రెండేసి ప్రతులు పక్కన పెట్టి, మిగతావి బల్ల మీద పెట్టి అమ్మండి. ప్రచారానికి కలిసొచ్చే రోజులు కూడా మనకు తెలిసినవే, మామూలుగా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. వాటికి అందాలంటే దసరా నాటికి ఆఖరి ప్రూఫు చేతిలో ఉండాలి, ఎందుకంటే నవంబరు వచ్చేసరికి ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగి ఉంటాయి.

ఇక ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) రెండుసార్లు రావడం, పదహారు పేజీలు ఎగిరిపోవడం, అట్ట తలకిందులుగా అంటించడం, ఇంకు మరకలు... ఇవి ఎప్పుడో ఒకటీ అరా కాపీల్లో జరిగేవే. ఆ కాపీ ప్రెస్‌లో తిరిగిచ్చి వేరేది తెచ్చుకోండి.