ఒంట్లో బిగువు వదలడం – పాఠం 3: భుజాలు, దవడ

ఒక్కో కండనూ కాసేపు బిగించి వదిలేయడమే ఈ పద్ధతి. పోయిన పాఠంలో పాదాల దగ్గరే చాలామందికి పిక్క పట్టేసింది. "బిగించండి" అన్నానే గానీ ఎంత బలంతోనో రాయలేదు. వేళ్ళను కిందికి ముడిచి, ఉన్న బలమంతా పెట్టి పదిహేను సెకన్లు పట్టి ఉంచితే పిక్క పట్టేయదూ మరి! ఇకనుంచి వేళ్ళను మోకాలి వైపు లాగండి. సగం బలం, 5 సెకన్లు చాలు. అయినా పట్టేస్తే మోకాలు చాచి, మునివేళ్ళను చేత్తో మీవైపు లాగి పట్టుకోండి.

పిడికిళ్ళ సంగతి అందరికీ వచ్చేసింది, వదిలేద్దాం.

భుజాలు. కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. భుజాలను చెవుల వైపు ఎత్తి 5 సెకన్లు ఉంచండి, ఊపిరి బిగబట్టకుండా. వదిలేయండి. 30 సెకన్లు ఊరికే ఉండండి. ఇంకోసారి.

ఆ "వదిలేయండి" దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. భుజాలను కిందికి నొక్కుతారు. అది వదలడం కాదు, మెడ పక్క కండను వదిలి చంక వెనక కండను బిగించడం. కొందరు మెల్లగా దించుతారు. దించినంతసేపూ పైకండ బరువు మోస్తూనే ఉంటుంది. బావిలో చేద తాడు చేజారినట్టు పడాలి భుజం. పడ్డాక సర్దుకోవడం, మెడ తిప్పడం, పెద్దగా ఊపిరి తీయడం... ఇవన్నీ మళ్ళీ పనులే. 1929లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చిన అమెరికా డాక్టరు ఎడ్మండ్ జాకబ్సన్ పట్టుబట్టింది దీనిమీదే: సడలాలని చేసే ప్రయత్నమూ బిగువే. బిగించేది కండ పెంచడానికి కాదు, బిగువును గుర్తుపట్టడానికి. ఇంట్లోవాళ్ళను మీ మణికట్టు పట్టి ఎత్తి వదలమనండి. చెయ్యి తొడమీద దబ్బున పడాలి. గాల్లో రవ్వంత ఆగిందా, మీరింకా పట్టుకునే ఉన్నారు.

దవడ. చెవితమ్మెకు కాస్త ముందు, కింద రెండు వేళ్ళు ఆనించి పళ్ళు కరవండి. వేళ్ళ కింద గట్టిగా ఉబికేదే నమిలే కండ. మామూలుగా ఉన్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు, 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. "న" అనబోయి ఆగండి, పెదాలు మూయండి: అదే ఆ ఎడం. సగం బలంతో 3 సెకన్లు కరిచి వదలమంటారు గానీ, నా ఓటు "న"కే. పంటినొప్పి, దవడ కటకట ఉన్నవాళ్ళు కరవనే వద్దు.

అభ్యాసం: ఫోను మోగినప్పుడల్లా ఎత్తేముందు పళ్ళు తాకుతున్నాయేమో చూసి, కాయితం మీద గీత పెట్టండి. 50 గీతలయ్యేదాకా నాలుగో పాఠం జోలికి రావొద్దు. అందులో నుదురు, కళ్ళు.