కయాక్‌కు చెక్క సీటు: ముందు ఎత్తు, తర్వాతే సౌకర్యం

కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో) సీటు ఎంత ఎత్తుకు లేస్తే పడవ అంత ఊగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడా కూడా నీళ్లలో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే కూర్చునే చోటు పడవ అడుగుకు 2-3 సెం.మీ. మించి లేవకుండా చూసుకోండి.

18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌తో ముందొకటి, వెనకొకటి అడ్డపట్టీలు కోయండి. పైఅంచు మధ్యలో 20 మి.మీ. లోతున వంపు తీయాలి, కింది అంచు పడవ అడుగు వంపుకు సరిపోవాలి. దీనికి ముందుగా అట్టముక్కతో నమూనా కత్తిరించుకోవడం తప్పనిసరి. ముందు అడ్డపట్టీ వెనకదాని కన్నా ఒక 20 మి.మీ. ఎత్తుగా ఉంటే తొడలకు ఆనిక దొరుకుతుంది, కాళ్లు తిమ్మిరెక్కవు. ఈ రెండు అడ్డపట్టీలపై 25 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న దేవదారు పట్టీలను 6 మి.మీ. సందులతో పరచండి. సందు లేకపోతే నీళ్లు నిలిచిపోతాయి. స్క్రూకు ముందు సన్నటి రంధ్రం వేయకపోతే పట్టీ చివర చీలుతుంది. ఉప్పునీటికైతే 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

చెక్క కుళ్లడం ఎక్కువగా కోసిన చివరల దగ్గరే మొదలవుతుంది, అక్కడ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురు) రెండు పూతలు పట్టించండి. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కాబట్టి పైన యూవీ వార్నిష్ ఉండాలి.

సీటును వెంటనే అతికించేయొద్దు. పడవను నీళ్లలో దించి సీటుపై కూర్చుని, పడవ ముక్కు గానీ తోక గానీ దిగబడకుండా ముందుకూ వెనక్కూ జరిపి గుర్తు పెట్టుకోండి. తర్వాత పడవ అడుగుకు రంధ్రాలు వేయకుండా, చిన్న చెక్కదిమ్మెలు ఎపాక్సీతో అతికించి సీటును వాటికే బిగించండి.